గోవిందయ్య మొదట మూసిన బావి

గోవిందయ్య ముప్పై ఏళ్లకు పైగా బావులు తవ్వాడు. ఆ తర్వాత ఐదారేళ్లు బావులు మూశాడు. మొన్న నవంబరులో, డెబ్బై ఒకటో ఏట, తను మూసిన బావులు ఎక్కడెక్కడున్నాయో జనానికి చూపిస్తూ వానలో తిరిగాడు. జీతం లేని ఈ మూడో కొలువులో ఆయన్ని పెట్టింది ఒక రకంగా నేనే. అందుకే ఆయన సంగతి చెప్పే పని కూడా నా మీదే పడింది.

నా పేరు రూపశ్రీ. కార్వేటినగరానికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న మిట్టకండ్రిగ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటును. పేరు గొప్పగానే ఉంటుంది. చేసే పని మాత్రం కాలువ ఎక్కడ పూడిందో చూడటం, గోడ ఎక్కడ నెర్రె ఇచ్చిందో ఫొటో తీయడం, ఆ ఫొటో యాప్‌లో ఎక్కకపోతే సిగ్నల్ కోసం రోడ్డు మధ్యన చెయ్యెత్తి నిలబడటం. వానాకాలం వస్తే నా ఫోను మోగని గంట ఉండదు. ఈ ఏడు వాయుగుండం వెనక వాయుగుండం వచ్చి, తడ నుంచి మా దాకా పదకొండు రోజులు ఆకాశం తెరిపి ఇవ్వలేదు. పన్నెండో రోజు పొద్దున్నే కృష్ణమూర్తి ఫోన్ చేశాడు.

"మేడమ్, మా తోపులో నేల మింగేసినాది. ట్రాక్టరు ముందు చక్రం లోపలికి పోయినాది. మీరొచ్చి సూడండి."

కృష్ణమూర్తిది పుత్తూరు. నాలుగేళ్ల కిందట ఇక్కడ మామిడితోపు కొన్నాడు. నేను వెళ్లేసరికి ఊరు సగం అక్కడే ఉంది. రెండు చెట్ల మధ్య పది అడుగుల వెడల్పున గొయ్యి పడి ఉంది. వంగి చూస్తే అడుగు కనబడలేదు. ఒకాయన భూకంపమన్నాడు. ఒకాయన బోర్లు వేసి వేసి భూమి డొల్లయిపోయిందన్నాడు. ఇంకొకాయన కడప వైపు నేల కుంగిన వీడియో ఫోన్‌లో పెట్టి అందరికీ చూపిస్తున్నాడు.

కడప సంగతి నేను చదువుకున్నదే. అక్కడ కొన్నిచోట్ల కింద సున్నపురాయి ఉంటుంది. వాననీళ్లు వేల ఏళ్లుగా దాన్ని కొద్దికొద్దిగా కరిగించి గుహలు చేస్తాయి. గుహలో ఉన్న నీళ్లు దిగిపోయినప్పుడు కప్పుకు ఆసరా పోయి కూలుతుంది. మా వైపు ఎర్రమట్టి కింద ఉండేది గట్టి రాయి. అది నీళ్లకు కరిగే రకం కాదు. మరి గొయ్యి ఎట్లా వచ్చింది, అదీ గిరిగీసినట్టు ఇంత గుండ్రంగా? యాప్‌లో కారణం అనే గడిలో ఏం రాయాలో తోచక నిలబడ్డాను.

అప్పుడు గట్టు మీద గొంతుక్కూర్చున్న ముసలాయన లేచి వచ్చాడు. సన్నగా, నల్లగా, మోకాళ్ల పైకి కట్టిన పంచెతో ఉన్నాడు. నాలుగడుగులకోసారి ఆగి, మడమతో నేలను గట్టిగా తట్టి, చెవి ఒగ్గి, మళ్లీ నడుస్తున్నాడు.

"ఆ అంచుకు పోవద్దమ్మా, ఇంకా రెండడుగులు రాలతాది," అన్నాడు నాతో. తర్వాత అందరి వైపూ తిరిగాడు. "ఇది భూకంపమూ కాదు, పాడూ కాదు. ఈడ చేదబావి ఉండె. మూసినోణ్ణి నేనే."

కృష్ణమూర్తి ముఖం మాడిపోయింది. "బావిని పూడ్చితే మళ్లా ఎట్ల పడతాదప్పా?"

"పూడ్చలేదప్పా. మూసినాను."

ఆ రెండు మాటలకూ మధ్య ఉన్న తేడా నాకు ఆ సాయంత్రం, ఆయన ఇంటి వసారాలో తెలిసింది. గోవిందయ్య భార్య మునిరత్నమ్మ మజ్జిగ ఇచ్చి, ఈ గొడవ తనకేం పట్టనట్టు చేటలో రాగులు చెరుగుతూ కూర్చుంది.

గోవిందయ్యకు పన్నెండో ఏట వాళ్ల నాయన చేతికి గంప ఇచ్చి గొయ్యిలోకి దింపాడట. అప్పటినుంచి అరవై బావుల దాకా తవ్వాడు. ఆ తవ్వుడు గురించి మాట్లాడేటప్పుడే ఆయన గొంతులో కాస్త ప్రాణం ఉంది. పైన ఎర్రమట్టి పోయి రాళ్లు కలిసిన గరపనేల రావడం, గడ్డపార దెబ్బకు చప్పుడు మారడం, పాదాల కింద మన్ను చల్లబడటం, ఎక్కడో ఒక పక్క ఊట చెమర్చడం. నీళ్లు పడిన రోజు మొదటి చెంబు తవ్వినవాడు తాగాలి. ఆ తర్వాతే ఆ ఇంటివాళ్లు. ఎంత పెద్ద ఆసామి అయినా ఆ చెంబు కోసం ఆగవలసిందే. తన జీవితంలో తనను ముందు తాగమన్న చోటు బావి ఒడ్డు ఒక్కటే అన్నాడు గోవిందయ్య.

తర్వాత కరువులు వచ్చాయి. బోర్లు ఆరు వందలు, ఎనిమిది వందల అడుగులు దిగాయి. చేదబావుల్లో అడుగు కనబడింది. ఎండిన బావి ఇంటి ముందుంటే పిల్లలు పడతారని భయం, పాములు చేరతాయని భయం. పూడ్చమని కబురు పెట్టారు. ఎవరికి? తవ్వినవాడికే.

"పూడ్చేదానికి మా వైపు ఆడోళ్లు ఒప్పుకోరమ్మా," అన్నాడు. "నీళ్లెండినాయంటే గంగమ్మ పోయినట్టు కాదు, లోపలికి దిగినట్టు. వానలు పడితే మళ్లా వస్తాది. వచ్చేటప్పటికి రాళ్లేసి గొంతు నొక్కి ఉంటే ఆ ఇంటికి మంచిదేనా? అందుకని నోటికి గుడ్డ కప్పినట్టు కప్పేది, అంతే."

కప్పడమంటే ఇదీ పద్ధతి. బావి చుట్టూ కట్టిన రాతి వరలను నేల మట్టానికి ఐదడుగుల కిందికి దించి, వాటి మీద తాటిదూలాలు పక్కపక్కన అడ్డంగా పరవడం. వాటి మీద బండలు. సందుల్లో చెరకాకు కుక్కడం. పైన ఐదడుగుల మట్టి పోసి, నీళ్లు చల్లి, తొక్కి, పసుపూ కుంకుమా వేసి దండం పెట్టడం. చూసేవాళ్లకు బావి పూడిపోయినట్టే ఉంటుంది. కింద ముప్పై అడుగుల ఖాళీ అట్లానే ఉంటుంది.

నాకు కోపం వచ్చింది. దాచుకోలేదు. "ఖాళీ మీద మట్టి కప్పి, మనుషుల్ని దాని మీద తిరగనిచ్చినారా పెద్దాయనా? తాటిదూలం ఎన్నాళ్లుంటుందో మీకు తెలీదా?"

"అప్పుడు తెలీదమ్మా. వానలే లేవు. చెద పట్టి పుచ్చేదానికి ఇన్నేళ్లు పట్టె." మోకాళ్లు నొక్కుకున్నాడు. "నాకూ చేతులు రాలేదు. నేను తవ్విందాంట్లో నేనే రాళ్లేసేదానికి."

"నోరు మూసుకోనుంటే ఎవురికి తెలిసేది?" అంది మునిరత్నమ్మ చేట దించకుండానే. "ఈ వయసులో ఊరందరి చేత తిట్లు తినేదానికి బయలుదేరినాడు. మోకాళ్లు చూడమ్మా, కడవల మాదిరి వాచిపోయినాయి."

ఎన్ని బావులని అడిగాను. పదకొండన్నాడు. జాగాలు గుర్తున్నాయా అంటే, నేను అడగరాని మాట అడిగినట్టు చూశాడు.

"అన్నిటికన్నా ముందు సూడాల్సింది ఒకటుండాది," అన్నాడు. "నేను మొట్టమొదట మూసిన బావి అదే. దాని మింద ఇప్పుడు ఇల్లుండాది. నలుగురు పడుకుంటారు."

ఆ ఇల్లు రఘునాథ్‌ది. ఊరి చివర, రోడ్డు పక్కన, లేత పసుపు రంగు వేసిన ఇల్లు. రఘునాథ్, భార్య ప్రశాంతి, ఇంటర్ చదివే కూతురు లోహిత, తల్లి చంద్రకాంతమ్మ. చీకటి పడకముందే ఇద్దరం వెళ్లాం. రఘునాథ్ కుర్చీలు వేశాడు, విన్నాడు, నవ్వాడు.

"మేడమ్, ఆ బావిని మా నాయన గంగాధరం పూడ్పించినాడు. రెండు ట్రాక్టర్ల రాళ్లు తోలించి, దగ్గరుండి వేయించినాడు. పోయేముందు గూడా చెప్పినాడు, ఆ జాగా గట్టిది, ఇల్లు ఆడే కట్టుకోమని. ఈ పెద్దాయనకు వయసు మళ్లినాది. ఏ బావి ఏదో కలిపేసుకుంటా ఉండాడు."

గోవిందయ్య తల వంచుకున్నాడు. లోపలి గది తలుపు దగ్గర చంద్రకాంతమ్మ నిలబడి ఉంది. ఆమె గోవిందయ్య వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఇల్లు ఖాళీ చేయించే అధికారం నాకు లేదు. పైకి రాశాను. పై నుంచి 'పరిశీలించి నివేదిక పంపగలరు' అని వచ్చింది. పరిశీలించిందీ నేనే, నివేదిక పంపిందీ నేనే. ఆ కాగితం ఎక్కడ కూర్చుని టీ తాగుతోందో నాకిప్పటికీ తెలియదు.

మరుసటి రోజు నుంచి మిగతా బావులకు బయలుదేరాం. నా స్కూటీ వెనక గోవిందయ్య, ఆయన ఒళ్లో గడ్డపార. బస్సులో వచ్చే పిల్లలు మమ్మల్ని చూసి నవ్వేవారు. వారం రోజుల్లో ఆయన దగ్గర నేను నేర్చుకున్నది కాలేజీలో నాలుగేళ్లలో నేర్చుకోలేదు. ఈ మాట మా ప్రొఫెసర్లు వింటే నొచ్చుకుంటారు, నొచ్చుకోనీ.

యశోదమ్మ వరికయ్యలో పెట్టిన నీళ్లు తెల్లారేసరికి మాయమవుతున్నాయి. పక్క కయ్యవాడు గెనిమ గట్టు తెగ్గొడుతున్నాడని ఆమె రెండేళ్లుగా అతనితో మాటల్లేకుండా ఉంది. గోవిందయ్య గెనిమ మీదనే ఆగి, కయ్య మధ్యన ఒకచోటు వేలితో చూపించాడు. అక్కడ నీళ్లు సన్నగా సుడి తిరుగుతూ కిందికి పోతున్నాయి. కొలిచే పని లేకుండానే బావి వెడల్పు తెలిసింది, ఎందుకంటే ఆ మేర గుండ్రంగా వరి ముదురు పచ్చగా, మిగతాదాని కన్నా జానెడు కుంగి ఉంది. యశోదమ్మ పక్క కయ్య వైపు చూసి, "ఇన్నాళ్లూ ఉత్తపుణ్యానికి తిట్టినానే వాణ్ణి," అంది. మళ్లీ, "తిట్టించుకునే పనులు వాడు వేరేవి చేసినాడులే," అని తనను తాను సమాధానపరుచుకుంది.

ఆటో నడిపే సుకుమార్ వాళ్ల జాగాలో కంచెకు పాతిన రాతికూసాలు నాలుగు, ఎవరో పిలిచినట్టు లోపలికి ఒకే వైపు ఒరిగి ఉన్నాయి. ఇంకోచోట నేల మీద నెర్రె నిండు గుండ్రం కాదు, కొడవలిలా వంకర తిరిగి ఉంది. వేసవిలో బీటలు అడ్డదిడ్డంగా పడతాయట. వంకర తిరిగిన బీట మాత్రం నమ్మకూడదట. మరోచోట బోరు నీళ్లు నెల నుంచి ఎర్రగా వస్తున్నాయి. "వానకు మట్టి కలిసినాదేమో అనుకున్నాము," అన్నారు ఆ ఇంటివాళ్లు. కలిసిన మాట నిజమే. ఏ మట్టి, ఎక్కడిది అని ఎవరూ ఆలోచించలేదు.

ప్రతి చోటా అనుమానం ఉన్న జాగాకు దూరంగా మొదలుపెట్టి, గడ్డపారతో ఒక్కొక్క పోటు వేస్తూ ముందుకు పోయేవాడు. గట్టి నేలలో ఠంగుమనేది. డొల్ల దగ్గరికి వస్తుంటే చప్పుడు బొంగురుపోయేది. అక్కడ ఆగిపోయి, నన్ను వెనక్కి నెట్టి, చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టేవాడు. కట్టాక కింద కూర్చుని మోకాళ్లు నొక్కుకునేవాడు.

అట్లా కూర్చున్నప్పుడే ఒకసారి అడిగాను, ఇన్నేళ్లు ఆగిన నేల ఒక్క రోజులో ఎట్లా పడిందని.

"ఒక్క రోజులో యాడ పడిందమ్మా," అన్నాడు. "దూలం పుచ్చి సందు పడతాది. వాననీళ్లు ఆ సందులోకి దిగతా దిగతా పిడికెడు మట్టిని తీసకపోతాయి. ఇంకో వానకి ఇంకో పిడికెడు. జల్లెడలో పిండి పోసినట్టే. కింద నుంచి రాలతా, కప్పు పలచబడతా వస్తాది. పైన ఏమీ తెలీదు. గడ్డి మొలిచి ఉంటాది, మేక మేస్తా ఉంటాది. ఆఖరి జానెడు మట్టి మాత్రమే ఒకేసారి పడతాది. అది సూసి నేల మింగేసిందంటారు. నేల ఇరవై ఏళ్లుగా మింగతానే ఉండాది."

జాగా అమ్ముడుపోయిన చోట్ల తిట్లు ఎక్కువ పడ్డాయి. ఒకాయన గోవిందయ్య చొక్కా పట్టుకున్నాడు. ఒకామె మా స్కూటీ వెళ్తుంటే మెటికలు విరిచి శాపనార్థాలు పెట్టింది. ఆయన అన్నీ విని, తాడు బిగువుగా ఉందో లేదో మరోసారి చూసి, బండెక్కేవాడు. నాకే అలసటగా ఉండేది, ఆ తిట్లు నాకు కాకపోయినా.

ఇంత పనిలోనూ రోజూ పొద్దున మొదట రఘునాథ్ ఇంటి దగ్గర ఆపమనేవాడు. గేటు బయట నిలబడి, మడమతో నేలను తట్టి, ఇంటి వైపు చూసి, వచ్చేసేవాడు. ఒకరోజు ప్రశాంతి గేటు దాకా వచ్చి నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, మా అత్త పడుకునే గదిలో బాత్రూం తలుపు నెల నుంచి పడడం లేదు. వడ్రంగి రెండు తూర్లు చిత్రిక పట్టినాడు. గది కడిగితే నీళ్లు తూము వైపు పోకుండా మూలకు పోతా ఉండాయి. ఆయనకు చెప్తే కొత్త ఇల్లు, సర్దుకుంటా ఉండాదంటాడు. కట్టి ఎనిమిదేళ్లయినాది. ఇంకా ఏం సర్దుకునేది?"

ఆమె వెంట లోపలికి వెళ్లి చూశాను. కిటికీ మూల నుంచి నెర్రె మెట్లు మెట్లుగా కిందికి దిగింది. నేల టైల్స్‌కూ గోడకూ మధ్య నా వేలు పట్టింది. ఆ మూలనే చంద్రకాంతమ్మ మంచం. ఆ రాత్రి నుంచి ఆ గదిలో ఎవరూ పడుకోవద్దని రఘునాథ్‌కు చెప్పాను. వాళ్లమ్మను హాల్లోకి మార్చాడు. ఇల్లు మాత్రం విడిచేది లేదన్నాడు.

ఎనిమిదో రోజు పదో బావికి తాడు కట్టడం అయిపోయింది. మిగిలింది అదొక్కటే. మళ్లీ చినుకులు మొదలయ్యాయి. గోవిందయ్య ఈసారి గేటు దగ్గర ఆగలేదు. లోపలికి పోయి, వసారా మెట్టు కింద నిలబడి, రఘునాథ్‌ను పిలిచాడు.

"అప్పా, నీ కాళ్లు పట్టుకుంటాను. ఈ వాన తగ్గేదాకా బయట ఉండండి."

రఘునాథ్ ఓపిక అయిపోయింది. "ఏం గోవిందయ్యా, మా నాయన తోలించిన రాళ్లు ఏం చేసినావు మరి? అవి బావిలో వెయ్యలేదంటే యాడికి పోయినాయి? అమ్ముకున్నావా?"

నేను గోవిందయ్య ముఖం చూశాను. ఎనిమిది రోజుల్లో ఎవరెన్ని అన్నా కదలని మనిషి, ఆ మాటకు పెదవి కొరుక్కున్నాడు. కానీ బదులు మామూలుగానే చెప్పాడు.

"రాళ్లు వెయ్యలేదప్పా. తప్పు నాదే. నువ్వు ఏమన్నా అనుకో. పిల్లను తీసుకోని బయటికి రా."

"అమ్ముకున్నావు. ఒప్పుకో."

"అమ్ముకోలేదు." ఆ మాట లోపలి నుంచి వచ్చింది. చంద్రకాంతమ్మ గడప పట్టుకుని నిలబడింది. డెబ్బై దాటిన మనిషి, బక్కపలచగా, గట్టిగా మాట్లాడటం ఎన్నాళ్లో మానేసినట్టు ఉంది. "ఆ రాళ్లు యాడికీ పోలేదు రఘూ. మన దొడ్డి గోడ దేంతో కట్టినారో పోయి సూడు."

రఘునాథ్ ఆమె వైపు తిరిగాడు.

"మీ నాయన రేణిగుంటకు, మీ అత్త కొత్త ఇంట్లోకి చేరతా ఉందని మూడు దినాలు పోయినాడు. పోతా పోతా గోవిందయ్యకు చెప్పినాడు, రాళ్లేసి పూడ్చమని. నేను వద్దన్నాను. ఆ బావి నీళ్లతోనే నీకు నీళ్లు పోసి పెంచినాను, దాని గొంతు నొక్కొద్దని ఏడ్చినాను. దూలాలు నేనే ఇచ్చినాను. ఈయన మూసినాడు. ఆ రాళ్లతో దొడ్డి గోడ కట్టమని నేనే చెప్పినాను. మీ నాయన వచ్చినాక రాళ్లతోనే పూడ్చినాము, మిగిలినవే గోడకు వాడినామని నేనే అబద్ధం చెప్పినాను. దగ్గరుండింది మీ నాయన కాదు, నేను."

వసారా రేకుల మీద చినుకుల చప్పుడు వినబడుతోంది.

"నువ్వు ఇల్లు ఈడ కడతానన్నప్పుడు చెప్పాల్సింది," అందామె. "మీ నాయన ముందర అబద్ధమాడినట్టు అవుతాదని గమ్మునుండిపోతిని. ఆయన పోయినాక, పోయినాయన మాట అబద్ధమైపోతాదని గమ్మునుండిపోతిని. నా మంచం ఆ మూలకు వేయించుకున్నాను, పడితే నాతో పోనీ అని. ఇంట్లో మనవరాలు ఉండాదని తలుచుకోలేదు." తర్వాత గోవిందయ్య వైపు చూసింది. "ఎనిమిది దినాలుగా నాకు పడాల్సిన తిట్లు నువ్వు తింటా ఉండావు. ఇంక చాలు గోవిందయ్యా."

తర్వాత మిగతా పది బావులూ ఎందుకు అట్లా మూశాడని ఆయన్ని అడగనక్కర లేకపోయింది. గంగాధరం వాళ్ల పెద్దింట్లో అట్లా చేశారని ఊళ్లో ఆడవాళ్లందరూ అట్లానే అడిగారు. ఆయన కాదనలేదు. అన్నిచోట్లా తప్పు తన ఒక్కడిదే అని చెప్పుకుంటూ వచ్చాడు.

ఆ సాయంత్రమే రఘునాథ్ కుటుంబం వీధి చివర ఖాళీగా ఉన్న బంధువుల ఇంట్లోకి మారింది. రెండు రోజులు ఏమీ కాలేదు. రఘునాథ్ నా వైపు చూసే చూపు మళ్లీ మారడం మొదలైంది. మూడో రోజు పొద్దున తొమ్మిదిన్నరకు, ఎండ కాస్తుండగా, చంద్రకాంతమ్మ గది నేల, ఒక గోడ, సగం వసారా కిందికి పోయాయి. పెద్ద చప్పుడేమీ రాలేదట. బస్తా జారినట్టు వినిపించిందని పక్కింటివాళ్లు చెప్పారు. ఆమె మంచం ఉన్న చోట ఏమీ లేదు.

నేను వెళ్లేసరికి గోవిందయ్య అప్పటికే వచ్చి, దూరంగా తాడు కట్టి, జనాన్ని వెనక్కి తోస్తున్నాడు. వేలాడుతున్న గోడను యంత్రంతో దూరం నుంచి లాగించి, అంచులు రాలనిచ్చి, రెండు రోజులు ఆగాం. మూడో రోజు ఆయన నడుముకు మోకు కట్టి, ఇద్దరు పట్టుకోగా, అంచు దాకా పాక్కుంటూ వెళ్లి లోపలికి చూశాడు. చాలాసేపు అట్లాగే ఉన్నాడు. ఏమైందోనని నేను పిలిచాను.

"నీళ్లుండాయమ్మా," అన్నాడు.

పన్నెండు అడుగుల లోతున, తేటపడి, నీళ్లు. ఇరవై రెండేళ్ల కిందట అడుగు కనబడిన బావి. వరల రాళ్లు ఒక పక్క అట్లానే ఉన్నాయి, దిగడానికి ఆయన వదిలిన మెట్టురాళ్లతో సహా. చంద్రకాంతమ్మ నమ్మినట్టే గంగమ్మ మళ్లీ వచ్చింది. వస్తూ వస్తూ పుచ్చిన దూలాల నుంచి రాలే మట్టిని నానబెట్టి, జారవిడిచి, ఆమె గదిని కూల్చింది. ఎవరిది తప్పో నాకు తెలియలేదు. నాకు ఏడుపు మాత్రం వచ్చింది, అందరి ముందూ.

"బావిగానే ఉంచేస్తే కాదా?" అని లోహిత అడిగింది. మిగతా ఇంటి పునాది ఆ అంచుకు నాలుగడుగుల్లో ఉంది. నీళ్లు పక్కల్ని కోసుకుంటూ పోతే మిగిలిన మూడు గదులు కూడా నిలవవు. ఇల్లా, బావా అంటే ఇల్లే. ఆ మాట చెప్పాల్సింది నేనే కాబట్టి చెప్పాను. గోవిందయ్య తలూపాడు.

"పూడుద్దాము," అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి నేను మొదటిసారి వినడం.

పూడ్చే ముందు బొక్కెన వేసి ఒక చేద తోడాడు. ఎవరూ చెప్పకుండానే రఘునాథ్ వీధి చివరి ఇంటి నుంచి చెంబు తెచ్చి ఆయన చేతికిచ్చాడు. గోవిందయ్య తాగాడు. తర్వాత చంద్రకాంతమ్మ తాగింది.

దొడ్డి గోడ విప్పారు. ఆ రాళ్లన్నీ మోసుకొచ్చి అంచు దగ్గర కుప్ప వేశారు. ముందు పెద్ద రాళ్లు, వాటి సందులు పూడేలా చిన్న రాళ్లు, ఆ పైన కంకర, తర్వాత ఇసుక, చివర బంకమట్టి, అడుగు అడుగుకూ దిమ్మిస కొట్టి, నీళ్లు నిలవకుండా వాలుగా. కింద పెద్దవి లేకపోతే పైన పోసిన మట్టి మళ్లీ జారిపోతుంది. ఇదంతా నేను కాగితం మీద గీసి ఇచ్చాను. గోవిందయ్యకు ఆ కాగితం అవసరం రాలేదు.

మొదటి రాయి చంద్రకాంతమ్మ వేస్తానంది. ఎత్తలేకపోయింది. గోవిందయ్య ఒక పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి జారవిడిచారు. అది నీళ్లలో పడిన చప్పుడు పైకి వచ్చింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు వెళ్లిపోయింది. ఆయన రెండో రాయి తీసుకున్నాడు.

ఐదు రోజులు పట్టింది. చివరి రోజు మునిరత్నమ్మ కూడా వచ్చి, మట్టి గంప ఎత్తింది. ఎవరు వద్దన్నా వినలేదు. దిమ్మిస పని అయ్యాక నేను ఫొటో తీశాను. గోవిందయ్య కొత్త మట్టి మీదికి నడిచి, మధ్యలో ఆగి, మడమతో గట్టిగా తట్టాడు. చెవి ఒగ్గాడు. మళ్లీ తట్టాడు.

"ఎట్లా ఉంది పెద్దాయనా?" అన్నాను.

"గట్టిగా ఉండాదమ్మా," అన్నాడు. "లోపల ఇంకేమీ లేదు."

అక్కడే కూర్చుండిపోయాడు. మునిరత్నమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని లేపేదాకా లేవలేదు.